నువ్వే చెప్పు

శనివారం మధ్యాహ్నం నుంచే ఇబ్రహీంపట్నం మీద మబ్బు కమ్ముకుంది. స్తుతి ఆదిభట్లలోని హాస్టల్ నుంచి ఆటోలో వచ్చి సాగర్ రోడ్డు మీద దిగేసరికి ఇంకా చినుకు పడలేదు గానీ గాలి చల్లబడింది. ఎక్కడో తడిసిన మట్టి వాసన. బండి దగ్గర ఆగి మిరపకాయ బజ్జీలు కట్టించుకుని కాలనీలోకి నడిచింది.

అక్క కృపారాణి ఇల్లు కాలనీ చివర. ఆ తర్వాత అన్నీ ఖాళీ ప్లాట్లే. హద్దురాళ్ళ మధ్య నడుమెత్తు గడ్డి. బావ బాలరాజ్ ప్రతి ఇటుకా దగ్గరుండి పెట్టించి కట్టుకున్న ఇల్లు అది. ముందు గది, వంటిల్లు, పడకగది, వెనక ఒక చిన్న సామాన్ల గది. బాలరాజ్ పెళ్ళిళ్ళకు వీడియోలు తీసేవాడు. ముందు గదిలో కంప్యూటర్ పెట్టుకుని వాటిని కత్తిరించి పాటలు కలిపే మిక్సింగ్ కూడా తనే చేసుకునేవాడు. రెండేళ్ళ కిందట వానాకాలంలో జ్వరమొచ్చి దవాఖానలో చేరాడు. మళ్ళీ ప్రాణంతో ఇంటికి రాలేదు.

పిల్లలు లేరు. కృపారాణి పుట్టింటికి పోలేదు. ఆ కంప్యూటర్ ముందే కూర్చుని పెళ్ళికార్డులు, బాప్తిస్మం కార్డులు, ఫ్లెక్సీలు డిజైన్ చేయడం నేర్చుకుంది. ఇప్పుడు ఆమె బతుకుదెరువు అదే.

స్తుతి వచ్చేసరికి అక్క ఒక పెళ్ళికార్డు మీద పని చేస్తోంది. తెర కింది మూలలో ఒక నీలిరంగు డబ్బా వచ్చి నిలబడి ఉంది. ఈ విండోస్‌కు ఇక సపోర్టు లేదు, కొత్తదానికి మారండి అని దాని సారాంశం. కృపారాణి చూడకుండానే దాన్ని మూసేసింది. చెయ్యికి అలవాటైపోయినట్టుంది.

"ఇంకా విండోస్ పదే ఉంచినవా అక్కా? పదకొండు ఎక్కిచ్చుకో అని దసరాకు ముందే చెప్పిన గదా," అంది స్తుతి, బజ్జీల పొట్లం విప్పుతూ. ఆమె ఉద్యోగమే అది. కంపెనీలో అందరి కంప్యూటర్లూ చూసుకునే జట్టులో పని. ఈ ఏడాదంతా పాతవి తీసి కొత్తవి ఎక్కించడంతోనే సరిపోయింది.

"మంచిగనే నడుస్తుంది. నడిచేదాన్ని ఎందుకు కదిలిచ్చుడు?"

"నడుస్తది. కానీ రేపు ఏదన్న కొత్త వైరస్ జొరబడితే ఆపేటోడు లేడు. నువ్వు బ్యాంకు పని దీంట్లనే జేస్తవ్. మంది ఫోటోలన్నీ దీంట్లనే ఉన్నయ్. పాస్‌వర్డ్ గూడ పెట్టుకోలె నువ్వు. గేటు తెరిచిపెట్టి పండుకున్నట్టే ఇది."

"మీ బావ మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ కొత్తదాంట్ల నడవదంట."

"నడవది. చానా పాతది. కానీ నువ్వు మిక్సింగే చెయ్యవు గదా అక్కా?"

కృపారాణి చేతిలో బజ్జీ అలాగే ఉంది, తినడం లేదు. గోడ మీద గడియారం చూసింది. కిటికీ వైపు చూసింది. బయట వెలుగు బూడిదరంగులోకి దిగుతోంది.

"పెన్‌డ్రైవ్ తెచ్చిన. ఇప్పుడే పెడితే గంట, గంటన్నరల అయిపోతది. నీ ఫైళ్ళన్నీ ఉంటయ్, ఫికర్ జెయ్యకు."

"ఇయ్యాల వద్దు."

"మరి ఎప్పుడు?"

"జర ఆగు స్తుతీ. తర్వాత చూద్దాం." ఆమె లేచింది. "నువ్వు పోయి శంకరమ్మ పెద్దమ్మను పలకరించి రాపో. మొన్న గూడ అడిగింది నిన్ను. పొద్దుమూకినంక రా."

శంకరమ్మది ఎదురిల్లు. పలకరించడానికి పొద్దుమూకేదాకా ఎందుకు? స్తుతి అక్క మొహంలోకి చూసింది. కృపారాణి కొంగు అంచును వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. మళ్ళీ చుట్టుకుంటోంది.

"ఏమైంది అక్కా?"

"ఏం గాలే. నువ్వు పో."

అప్పుడే కంప్యూటర్ పెట్టెలో ఫ్యాను వేగం పెరిగింది.

ఇద్దరూ దానికి దూరంగానే ఉన్నారు. ఎవరి చెయ్యీ మౌస్ మీద లేదు. పెళ్ళికార్డు పక్కకు తప్పుకుంది. తెర మీద మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ కిటికీ మెల్లగా తెరుచుకుంది. నల్లటి నేపథ్యం, నాలుగు మూలలా గులాబీలు. బాలరాజ్ వీడియోలన్నిటికీ మొదట వచ్చే టైటిల్ బొమ్మ అది. పెళ్ళికూతురు పేరు, పెళ్ళికొడుకు పేరు వచ్చేచోట కర్సర్ గీత ఒకటి మిణుకు మిణుకుమంటోంది.

తర్వాత అక్షరాలు పడసాగాయి. బంగారురంగు అక్షరాలు. ఒక్కొక్కటిగా.

*తిన్నవా?*

స్తుతికి మొదట కోపం వచ్చింది. ఎవడో దొంగ ఈ కంప్యూటర్‌లోకి దూరాడు. దూరం నుంచి ఆడిస్తున్నాడు. ఇలాంటివి ఆఫీసులో చూసింది. నేరుగా పోయి గోడకున్న వైఫై డబ్బా ప్లగ్ పీకేసింది. దాని దీపాలన్నీ ఆరిపోయాయి. తిరిగి వచ్చి కీబోర్డు తీగ కూడా లాగేసింది.

"ఇగ ఎట్ల కొడతడో చూస్త..."

గులాబీల మధ్య పాత అక్షరాలు చెరిగిపోయాయి. కొత్తవి పడ్డాయి.

*ఎవరొచ్చిన్రు?*

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. స్తుతి చేతిలో కీబోర్డు తీగ వేలాడుతోంది. నెట్టు లేదు. కీబోర్డు లేదు.

"భయపడకు," అంది కృపారాణి గుసగుసగా. "మీ బావనే."

ఇద్దరూ నేల మీద, గోడకు ఆనుకుని కూర్చున్నారు. కృపారాణి గొంతు తగ్గించి చెప్పింది. తెరకు వినబడకూడదన్నట్టు.

బాలరాజ్ పోయిన నెల తర్వాత ఆ రాత మొదటిసారి వచ్చింది. ఆ రోజు ఆమె ఏమీ తినలేదు, లేచి దీపం కూడా వేయలేదు. చీకట్లో తెర దానంతటదే వెలిగి *తిన్నవా?* అని అడిగింది. బాలరాజ్ ఎక్కడ ఏ పెళ్ళిలో ఉన్నా ఫోన్ చేసి మొదట అడిగే మాట అదే. ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత కీబోర్డు దగ్గరికి తీసుకుని, తినలేదు అని కొట్టింది. *తిను* అని వచ్చింది. లేచి వండుకుని తిన్నది. అప్పటి నుంచి రోజూ అదే వేళకు, పొద్దుమూకేటప్పుడు వస్తుంది. ఏదో ఒకటి అడుగుతుంది. ఆమె చెబుతుంది. పోతుంది.

"పాస్టరయ్యకు చెప్తే ఊకుంటడా? చనిపోయినోళ్ళు ప్రభువులో నిద్రపోతరు, మాట్లాడరు అంటడు. అందుకే ఎవ్వరికీ చెప్పలె. స్తుతీ, ఆ సాఫ్ట్‌వేర్ పోతే ఆయనకు దారి ఉండది. ఎట్ల తీసెయ్యమంటవ్ నన్ను?"

స్తుతికి ఏదో పొసగడం లేదు. తప్పు ఎక్కడుందో పట్టుకునేదాకా ఊరుకోకపోవడం ఆమె ఉద్యోగంలో అలవాటు.

"అక్కా, ఏమేం అడుగుతడు?"

"అన్నీ. తిన్నవా, ఎవరొచ్చిన్రు, ఎప్పుడు పోయిన్రు. ఒక్కదానివేనా అని. ఈ మధ్యల అయితే..." కృపారాణి ఆగింది.

"ఈ మధ్యల?"

"ఏ రూముల పండుకుంటవ్ అని అడిగిండు."

"ఏందక్కా?"

"మంచం ఏ దిక్కుకుంది, తల ఎటు పెట్టి పండుకుంటవ్ అని."

"గీ ఇల్లు బావ కట్టిచ్చిందే గదా," అంది స్తుతి నెమ్మదిగా. "ఆ మంచం ఆయన తెచ్చిందే గదా. జరిపినవా దాన్ని?"

"లేదు." కృపారాణి గొంతు సన్నబడింది. "పోయినోళ్ళు మర్చిపోతరేమో అనుకున్న."

"ఆయన నీకు ఏమన్న చెప్పిండా అక్కా? ఒక్క పాత ముచ్చట. ఒక్కసారన్న. అడుగుడేనా?"

బయట ఉరుము దొర్లింది. కృపారాణి కళ్ళు మెల్లగా పెద్దవయ్యాయి.

"అడుగుడే," అంది.

తెర మీద *ఎవరొచ్చిన్రు?* అలాగే ఉంది. పక్కన గీత మిణుకుమంటూ ఎదురుచూస్తోంది.

స్తుతి కీబోర్డు తీగ మళ్ళీ తగిలించింది. "మీ ఇద్దరికే తెలిసింది ఏదన్న అడుగు. నువ్వు దీనికి ఎన్నడూ చెప్పంది."

కృపారాణి కుర్చీలో కూర్చుంది. కీబోర్డు దగ్గరికి లాక్కుని కొట్టింది. నలుగురిలో ఉన్నప్పుడు బాలరాజ్ ఆమెను రాణీ అనే పిలిచేవాడు. ఎవరూ లేనప్పుడు పిలిచే పేరు వేరే ఉంది. చెల్లెలికి కూడా తెలియదు.

*ఎవ్వరు లేనప్పుడు నన్ను ఏమని పిలుస్తవ్?*

గీత మిణుకుమంది. ఆరింది. మిణుకుమంది. ఫ్యాను వేగం ఇంకా పెరిగింది. పెట్టె నుంచి వెచ్చటి గాలి, కాలిన దుమ్ము వాసన.

*నువ్వే చెప్పు.*

"యాది తెచ్చుకుంటుండేమో..." అని గొణిగింది కృపారాణి. మళ్ళీ కొట్టింది. *నీకు తెల్సు. నువ్వే చెప్పాలె.*

*నువ్వే చెప్పు.*

ఈసారి వెంటనే వచ్చింది. ఆ కింద ఇంకోసారి. మళ్ళీ ఇంకోసారి. గులాబీలు కనబడకుండా బంగారు అక్షరాలు నిండిపోయాయి. తర్వాత అన్నీ ఒక్కసారే చెరిగిపోయి, మధ్యలో చిన్నగా ఒక్క మాట నిలిచింది.

*ఏడుస్తున్నవా?*

కృపారాణి చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. ఆ కంప్యూటర్‌కు కెమెరా లేదు.

"ఆయనే స్తుతీ... చూడు, ఆయనకు తెలుస్తుంది. మర్చిపోయిండంతే. నేను చెప్తే యాదికొస్తది." ఆమె వేళ్ళు కీబోర్డు మీదికి పోయాయి. మొదటి అక్షరం పడింది. స్తుతి చటుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది. మంచులా ఉంది.

"వద్దక్కా. పేరు ఇయ్యకు."

"ఇడిచిపెట్టు..."

"బావైతే ఆ పేరు ఆయన దగ్గర్నే ఉంటది. బావ కాకపోతే..."

ఆ మాట పూర్తి చేయలేదు. చేయాల్సిన పని లేకపోయింది. తెర మీద ఆ ఒక్క అక్షరం పక్కన గీత కొట్టుకుంటోంది. వేగంగా. ఇంకా వేగంగా. ఆకలితో ఉన్నదాని దవడలా.

కృపారాణి చూసింది. ఆమె మొహంలో ఏదో తెగిపోవడం స్తుతికి కనబడింది. రెండేళ్ళ సాయంత్రాలు... చెప్పుకున్న ప్రతి మాటా... ఎవరికి చెప్పినట్టు?

ఆమె ఆ అక్షరాన్ని చెరిపేసింది.

"పెన్‌డ్రైవ్ పెట్టు," అంది. గొంతులో తడి లేదు. "కానీ నువ్వు నొక్కకు. నేనే నొక్కుత."

స్తుతి పెన్‌డ్రైవ్ పెట్టింది. కొత్త విండోస్ ఎక్కించే కిటికీ తెరుచుకుంది. ఏమేం ఉంచాలి అని అడిగింది. ఫైళ్ళూ ప్రోగ్రాములూ ఉంచాలా, ఫైళ్ళు మాత్రమేనా, ఏమీ వద్దా. కృపారాణి రెండోది ఎంచుకుంది. కార్డులు, ఫోటోలు ఉంటాయి. మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ పోతుంది. వెనక గులాబీల కిటికీలో అక్షరాలు పడుతూనే ఉన్నాయి. *ఏం జేస్తున్నవ్? ఏం జేస్తున్నవ్?* ఆమె వాటిని చదవలేదు. కళ్ళు మూసుకుని, పెదవులు కదిలించి చిన్న ప్రార్థన చేసుకుంది. నొక్కింది.

తెర నల్లబడింది. నల్లటి తెర మధ్యలో తెల్లచుక్కలు గుండ్రంగా తిరగసాగాయి. కంప్యూటర్ ఆపకండి అన్న మాట, దాని కింద శాతం లెక్క.

వాన మొదలైంది. రేకు మీద పడ్డట్టు కిటికీ సజ్జా మీద మోత. ఇద్దరూ చేతులు పట్టుకుని కూర్చున్నారు. లెక్క పెరుగుతోంది. సగం దాటింది.

కరెంటు పోయింది.

ఇల్లంతా చీకటి. తెర మాత్రం బల్ల కింది యూపీఎస్ మీద నడుస్తోంది. యూపీఎస్ కీచుమంటోంది. ఆగుతోంది. కీచుమంటోంది. ఆ తెల్లచుక్కల వెలుగులో గోడలు బతికున్నవాటిలా కదులుతున్నాయి.

"ఆగిపోతే?" అంది కృపారాణి.

"ఆగది. సరిపోతది," అంది స్తుతి. సరిపోతుందో లేదో ఆమెకు తెలియదు.

అప్పుడు వినబడింది.

టక్... టక్... టక్ టక్... టక్.

వాన చప్పుడు కాదు. ఇంటి లోపల. వెనక నుంచి. స్తుతి బల్ల వైపు చూసింది. కీబోర్డు అక్కడే ఉంది. దాని మీద ఎవరి చెయ్యీ లేదు.

టక్... టక్... టక్ టక్... టక్. ఆ తర్వాత ఒక పెద్ద టక్. నిశ్శబ్దం. జవాబు కోసం ఆగినట్టు.

సామాన్ల గదిలోంచి.

కృపారాణి గోళ్ళు చెల్లెలి చేతిలోకి దిగాయి. రెండేళ్ళుగా తెర మీద చూస్తున్న ఆ అక్షరాలు పడే లయ ఆమెకు కంఠతా వచ్చు.

"స్తుతీ..." అంది, ఊపిరి మాత్రమే వినబడేలా. "తిన్నవా అని కొడుతుంది."

ఆ గదిలో బాలరాజ్ లైట్ స్టాండులు, లైట్లకు తగిలించే గొడుగులు, వెనక కట్టే పరదాలు ఉన్నాయి. కీబోర్డు లేదు. కంప్యూటర్ లేదు. అక్కడ ప్లగ్గు కూడా లేదు. స్తుతి ఫోన్ టార్చ్ వేసింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు. చూడకుండా ఉండటం అంతకంటే భయంగా ఉంది, అంతే. వంటింటి పక్క నుంచి నాలుగడుగులు వేసింది. ఆ గది తలుపు దగ్గరగా వేసి ఉంది. బయటి గొళ్ళెం తీసే ఉంది.

తలుపు మీద చెయ్యి వేసి నెట్టింది. కదల్లేదు.

భుజంతో నెట్టింది. వేలి మందాన లోపలికి పోయింది... మళ్ళీ వెనక్కి వచ్చింది. మెల్లగా. అవతలి నుంచి ఎవరో ఒరిగినట్టు.

లోపల టకటకలు ఆగలేదు. ఇప్పుడు అవి కింద లేవు. పైన ఉన్నాయి. తలుపు పై అంచు దగ్గర.

"అక్కా, ఉరుకు!"

చెప్పులు కూడా వేసుకోలేదు. వానలో, బురదలో, ఎదురింటి గేటు తోసుకుని పడ్డారు.

శంకరమ్మ ఇద్దరికీ తువ్వాళ్ళు ఇచ్చింది. ఏమైంది బిడ్డా అంటే ఏమని చెబుతారు? లోపల ఎవరో ఉన్నారు అన్నారు. ఆమె కొడుకు పరమేష్ యాచారం రూట్లో ఆటో నడుపుతాడు, ఆరడుగుల మనిషి. కర్ర పట్టుకుని పోయాడు. ఇల్లంతా చూసి వచ్చాడు.

"ఎవ్వరు లేరక్కా. గా వెనక రూము తలుపే వస్తలేదు. వానకు చెక్క ఉబ్బినట్టుంది. తెల్లారినంక చూద్దాం."

ఆ రాత్రి వాళ్ళు శంకరమ్మ ఇంట్లోనే పడుకున్నారు. నిద్రపోయింది మాత్రం ఎవరూ లేరు.

పొద్దున్నే ఎండ కాసింది. అక్కాచెల్లెళ్ళూ పరమేషూ కలిసి పోయారు. కరెంటు వచ్చింది. కంప్యూటర్ బుద్ధిగా కూర్చుని ఉంది. నిర్మలమైన నీలంరంగు తెర, కొత్త గుర్తులు. కార్డులన్నీ భద్రంగా ఉన్నాయి. మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కడా లేదు. సామాన్ల గది తలుపును పరమేష్ వేలితో తాకితే తెరుచుకుంది. స్టాండులు, గొడుగులు, పరదాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

పరమేష్ తలుపు రెక్క అటూ ఇటూ తిప్పి చూశాడు.

"లోపల గొళ్ళెం పడ్డదేమో అనుకున్న. దీనికి లోపల గొళ్ళెమే లేదు గదక్కా!"

"లేదు. ఎన్నడూ పెట్టలె," అంది కృపారాణి.

ఆమె ముందు గదిలోకి పోయి కంప్యూటర్ ముందు కూర్చుంది. స్తుతి చెప్పినట్టు పాస్‌వర్డ్ పెట్టుకుంది. సాయంత్రమైంది. గడియారం ఆ వేళ దాటింది. తెర మీద పెళ్ళికార్డు పెళ్ళికార్డులాగే ఉంది. అప్పుడు కృపారాణి రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. దవాఖాన నుంచి బాలరాజ్‌ను తెచ్చిన రోజు ఏడ్చినట్టే ఏడ్చింది. స్తుతి ఆపలేదు. ఏడవనిచ్చింది.

అక్కను కొన్నాళ్ళు తన దగ్గరే ఉంచుకోవడానికి ఆదిభట్లలో ఒక గది మాట్లాడింది. సోమవారం ఆటోలోకి సామాన్లు ఎక్కించాక, సామాన్ల గదికి బయటి నుంచి తాళం వేసి వస్తానని స్తుతి ఒక్కతే లోపలికి పోయింది. తలుపు మూయబోతూ, లోపలి వైపు చూసింది.

వాన వెలిసి ఇది రెండో రోజు. గది అంతా పొడిగా ఉంది. తలుపు లోపలి చెక్క మీద మాత్రం రెండు అరచేతుల తడి గుర్తులు ఇంకా ఆరలేదు. ఆరడుగుల పరమేష్ తల కంటే పైన, తలుపు పై అంచుకు ఆనుకుని ఉన్నాయి.

పైకప్పు నుంచి వేలాడుతూ తలుపును అదిమినట్టు, వాటి వేళ్ళు కిందికి ఉన్నాయి.